నాన్నకు ఏటా మెడికల్, మరి పిల్లాడికి?
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాటలకూ భోజనాలకూ మధ్య నాకు పావుగంట ఇచ్చారు. భోజనానికి ముందు లావు గురించి మాట్లాడే డాక్టరంటే ఎవరికీ గిట్టదు. అయినా చెప్పక తప్పదు.

మన సర్వీసుల్లో ఒక మంచి అలవాటుంది. ఏటా మెడికల్. బరువు పెరిగితే కేటగిరీ పోతుందేమోనని మనవాళ్ళు నెలల ముందునుంచే పరిగెత్తడం మొదలెడతారు. భయం వల్లనైనా సరే, అది ప్రాణాలు కాపాడే అలవాటు. మరి అదే ఇంట్లో పదేళ్ళ పిల్లాడి నడుం ఎవరు కొలుస్తున్నారు? వాడి బీపీ ఎవరైనా చూశారా?

గుండెజబ్బు నలభై దాటాక వచ్చేదని మన నమ్మకం. గుండెపోటు అప్పుడు రావచ్చు. జబ్బు మాత్రం చాలా ముందే మొదలవుతుంది. ఈ సంగతిని గట్టిగా బయటపెట్టినవాళ్ళు సైనిక వైద్యులే. కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది అమెరికన్ సైనికుల గుండెలను వాళ్ళు పరీక్షించి, ఫలితాలను 1953లో ప్రచురించారు. ఆ సైనికుల సగటు వయసు 22 ఏళ్ళు. వాళ్ళలో 77 శాతం మంది గుండె రక్తనాళాల్లో జబ్బు ఆనవాళ్ళు కనిపించాయి. కొందరిలో స్వల్పంగా, కొందరిలో తీవ్రంగా.

ఇరవై రెండేళ్ళకే ఉంటే, మొదలయ్యింది ఎప్పుడు? అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో బొగలూసా అనే చిన్న ఊరుంది. అక్కడ 1973 నుంచి పిల్లల బరువు, బీపీ, కొలెస్టరాల్ కొలుస్తూ ఏళ్ళ తరబడి వెంట నడిచారు. వాళ్ళలో ప్రమాదాల వంటి కారణాలతో చిన్న వయసులోనే చనిపోయినవారి రక్తనాళాలను పరీక్షించి, 1998లో ఫలితం చెప్పారు. బరువు, బీపీ, కొలెస్టరాల్ వంటి లెక్కలు ఎన్ని ఎక్కువగా ఉంటే, రక్తనాళాల్లో కొవ్వు చారలు అంత ఎక్కువ.

మన పిల్లల సంగతి ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. పూణేలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం అక్కడి పల్లెల్లో పుట్టిన పిల్లలను ఇంగ్లండులోని సౌతాంప్టన్ పిల్లలతో పోల్చింది. మన బిడ్డ సగటున 2.7 కిలోలు, వాళ్ళ బిడ్డ 3.5 కిలోలు. మనవాళ్ళలో కండ తక్కువ, కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. అంటే సన్నగా కనిపించే ఒంట్లోనే కొవ్వు దాక్కుంటుంది. అలాంటి ఒంటికి బరువు తోడైతే షుగరు, బీపీ త్వరగా వస్తాయి. అందుకే ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో మన పిల్లలకు విడిగా చార్టులు ఇచ్చింది. పెద్దవాళ్ళ బీఎంఐ లెక్క పిల్లలకు పనికిరాదు.

ఇక గుర్తులు. ఇవి ఇంట్లోనే చూసుకోవచ్చు.

మొదటిది, టేపు. నడుం చుట్టుకొలత ఎత్తులో సగం దాటకూడదు. 140 సెంటీమీటర్ల పిల్లాడికి 70 దాటితే ఆలోచించాలి.

రెండోది, మెడ. మెడ వెనక, చంకల్లో నల్లగా, మందంగా మఖమల్ లాంటి చర్మం కనిపిస్తే చాలామంది తల్లులు మట్టి అనుకుని శనగపిండితో రుద్దుతారు. అది రుద్దితే పోయేది కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని చెప్పే గుర్తు అది.

మూడోది, బీపీ. మూడేళ్ళు దాటిన ప్రతి పిల్లకూ ఏడాదికోసారి చూడాలి. పిల్లల చేతికి సరిపోయే పట్టీతోనే చూడాలి, చిన్న పట్టీ కడితే లెక్క ఎక్కువ చూపిస్తుంది. పదమూడేళ్ళు నిండాక 130/80 లేదా ఆపైన ఉంటే, మరో రెండుసార్లు చూపించి నిర్ధారించుకోవాలి. అంతకంటే చిన్నవాళ్ళకు వయసు, ఎత్తు చూసి డాక్టరే చెబుతారు.

నాలుగోది, నిద్రలో గట్టి గురక, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఇంట్లో మగవాళ్ళకు 55 లోపు, ఆడవాళ్ళకు 65 లోపు గుండెజబ్బు వచ్చి ఉంటే, పిల్లల కొలెస్టరాల్ కూడా పరీక్ష చేయించండి.

మన ఇళ్ళలో లోపం ఎక్కడుంది? కంటోన్మెంటులో ఉన్నన్ని మైదానాలు ఏ నగరంలోనూ లేవు. తండ్రి తెల్లవారకముందే పీటీకి వెళతాడు. పిల్లాడు స్కూలు బస్సు, ట్యూషను, ఫోను. అయిదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలు రోజుకు సగటున గంటసేపు ఒళ్ళు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రెండేళ్ళకో మూడేళ్ళకో బదిలీ, కొత్త ఊరు, కొత్త స్కూలు, స్నేహితులు దొరికేదాకా వాడికి ఫోనే తోడు. నాన్న ఫీల్డులో ఉంటాడు, లీవులో వచ్చినప్పుడు ప్రేమంతా చాక్లెట్ల రూపంలో కురిపిస్తాడు. క్యాంటీన్లో చవక కదా అని బిస్కెట్లు, నూడుల్సు డబ్బాలకొద్దీ తెస్తాం. తాతయ్యలూ, మీరూ కొంచెం వినాలి. "బొద్దుగా ఉంటేనే ముద్దు, లావు అనకండి, దిష్టి తగులుతుంది" అంటారు. 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో ఏడెనిమిది చెంచాల పంచదార ఉంటుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం రోజంతటికీ పంచదార 20, 25 గ్రాములు దాటకూడదు. ఒక్క సీసాతోనే ఆ లెక్క దాటిపోతుంది.

అలాగని పిల్లల్ని పస్తులు పెట్టకండి, పదిమందిలో "గుండూ" అని వెక్కిరించకండి. ఎదిగే పిల్లల్లో చాలామందికి బరువు తగ్గించనక్కర్లేదు, పెరగకుండా నిలిపితే చాలు, ఎత్తు దాన్ని సర్దేస్తుంది. బాగా ఎక్కువగా ఉన్నవాళ్ళ సంగతి డాక్టరు చూస్తారు. పెసరట్టు, ఇడ్లీ సాంబారు, ఉడికించిన శనగలు, జామకాయ, పల్చటి మజ్జిగ ఏ ఊళ్ళో పోస్టింగు ఉన్నా చేసుకోవచ్చు. పిల్లాడికి ఒక వంట, మనకొక వంట వద్దు. ఇంటిల్లిపాదికీ ఒకే కంచం నియమం.

ఆశ ఉందా అంటే, ఉంది. 2011లో వచ్చిన ఒక పెద్ద పరిశీలనలో నాలుగు చోట్ల 6,328 మందిని చిన్నప్పటి నుంచి గమనించారు. చిన్నప్పుడు లావుగా ఉండి, పెద్దయ్యేసరికి ఊబకాయం లేకుండా బయటపడినవాళ్ళకు షుగరు, బీపీ ముప్పు ఎప్పుడూ లావు లేనివాళ్ళతో దాదాపు సమానంగానే ఉంది. మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు మన పెద్దలు. మన పిల్లలు ఇంకా మొక్కలే.

కార్యవర్గానికి ఒక్క మనవి. వచ్చే ఏడు ఈ పందిట్లోనే ఓ మూల బల్ల వేసి, టేపు, తూకం, పిల్లల పట్టీతో బీపీ మిషను పెట్టండి. నేను వచ్చి కూర్చుంటాను. ఈ లోపు ఇవాళ రాత్రే ఇంటికెళ్ళి మీ పిల్లల నడుం కొలవండి. తర్వాత, ధైర్యముంటే, మీదీ కొలుచుకోండి!

సెలవు. జై హింద్.