లారీ నడుపబోవు యువకుడు



 నేడు నేను లారీ తోలు వృత్తిని గూర్చి మాటలాడ దలచితిని. వ్యాకరణము చదువుకొన్న పంతులు లారీల జోలికి పోవుట యేమని మీకు తోపవచ్చును. ముప్పది యేండ్లకు పైగా బడిలో పాఠములు చెప్పినవాడను. నా యెదుట బల్లల మీద కూర్చున్న పిల్లలలో గుమాస్తాలైనవా రెందరో, లారీ యెక్కినవారును ఇంచుమించుగ అందరు. వారి తండ్రులును తాతలును పిల్లవానిని బండి యెక్కించుటకు ముందు నా యొద్దకు వచ్చి సలహా యడిగినది తక్కువ. ఏదియో జరిగిన పిదప అర్జీ వ్రాసిపెట్టుమని వచ్చినదే యెక్కువ. ముందుగా అడుగవలసిన ఆ మాటలను నేడు చెప్పుకొందము.

మన పంట లేవియు మన యూరనే నిలిచిపోవునవి కావు. కొల్లేటి పరిసరముల చెరువులలోని చేప మంచుగడ్డల నడుమ హౌరాకు పోవును. గుంటూరు మిరప, మదనపల్లె టమాటా, అనంతపురపు చీనికాయ, నూజివీటి మామిడి, అన్నియు లారీ మీదనే దేశములు తిరుగును. ప్రతి లారీ యద్దము వెనుక నెవరి యింటి పిల్లవాడో కూర్చుండి యుండును. 2017 జూలైలో వస్తు సేవల పన్ను వచ్చిన తరువాత రాష్ట్రముల సరిహద్దులలో నుండిన పన్ను చెక్‌పోస్టులు ఎత్తివేయబడినవి. 2021 ఫిబ్రవరిలో టోల్ గేట్ల కడ ఫాస్టాగు తప్పనిసరి యైనది. వర్తకునకు ఇది మేలే. కాని బండి నిలుచుట తగ్గిన దనగా దానిని తోలువాడు నిలుచుటయు తగ్గిన దని యర్థము. పూర్వము చెక్‌పోస్టు వరుసలో బండి నిలిచినప్పుడు వాడు స్టీరింగు మీద తల వాల్చి ఒక కునుకు తీసెడివాడు. ఆ కునుకు నేడు లేదు.

మన పెద్దలలో ఈ వృత్తిని గూర్చి రెండు భావములు కలవు. కొందరు దీనిని హీనముగ జూతురు. లారీవానికి పిల్ల నీయ మందురు. మరికొందరు, వీనికి చదువబ్బలేదు గనుక లారీ యెక్కించుడని తొందరపడుదురు. చదువు రానివాని కప్పగింపదగిన పని యిది యని తలచుట మొదటి దాని కంటె పెద్ద ప్రమాదము. మన పురాణములలో సారథ్యము చిన్న పని కాదు. సుమంత్రుడు దశరథునకు సారథియే కాక మంత్రియు. నలమహారాజు తన రూపు మారియున్న కాలమున ఋతుపర్ణునకు రథము తోలియే బ్రదికెను. అశ్వముల హృదయ మెరిగినవా డగుటచేతనే ఒక్క దినమున అయోధ్య నుండి విదర్భకు చేర్పగలిగెను.

ఇక ద్రోణపర్వములోని యొక ఘట్టమును ఈ సందర్భమున తలపకుండ ఉండజాలను. సూర్యుడస్తమించు లోపల సైంధవుని వధింపకున్నచో అగ్నిప్రవేశము చేయుదునని అర్జునుడు ప్రతిజ్ఞ పట్టిన దినమది. శత్రుసేన చుట్టును క్రమ్ముకొని యున్నది. పొద్దు వాలుచున్నది. గుఱ్ఱములు బాణములు తగిలి అలసినవి. అప్పుడు శ్రీకృష్ణుడు రథమును నిలిపి, గుఱ్ఱములను విప్పి, వాని మేని బాణములు పెరికి, నీరు త్రాగించి, మేపి, సేదదీర్చి మరల పూన్చెను. అంతవరకు అర్జునుడు నేల మీద నిలిచి శత్రువుల నాపెను. హౌరా సంతకు తెల్లవారులోగా చేరవలసిన చేపల లోడు అర్జునుని ప్రతిజ్ఞ కంటె తొందరపని యగునా? నేటి లారీకి గుఱ్ఱములు లేవు; ఇంజను అలయదు. అలయునది తోలువా డొక్కడే. వానిని విప్పి నీరు త్రాగించువా డెవ్వడు?

మొదట వయస్సు మాట. మన మోటారు చట్టము 1988 నాటిది. కారు మొదలగు తేలిక బండ్లకు 18 ఏండ్లు, రవాణా బండికి 20 ఏండ్లు నిండవలెను. తేలిక బండి లైసెన్సు చేతికి వచ్చి ఒక సంవత్సరము గడవనిదే రవాణా బండికి నేర్చుకొను లైసెన్సు నీయరు. వైద్యుని పత్రము, డ్రైవింగు బడిలో నేర్చినట్లు పత్రము కావలెను. ఎనిమిదవ తరగతి చదివియుండవలెనను నియమ మొకటి యుండెడిది. దానిని 2019లో తీసివేసిరి. తీసివేసిన నేమి, చదువు రానివాడు ఈ పనిలో సుఖపడడు. దారిలోని హెచ్చరిక బోర్డు చదువవలెను, సరకుతో పోవు బిల్లులోని గడువు చదువవలెను, సంతకము పెట్టు కాగితములో నేమున్నదో చదువవలెను.

ఇరువది నిండగనే పది చక్రముల బండి కోరవలసిన పని లేదు. మొత్తము బరువు 7,500 కిలోల లోపు నుండు చిన్న రవాణా బండికి కారు లైసెన్సే చాలునని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అట్టి చిన్న బండి మీద ఏడాదో రెండేండ్లో సమీపపు మార్కెట్టు యార్డునకు తిరిగి రాత్రికి ఇల్లు చేరుచు నేర్చినవానికి చేయి కుదురును. తెలంగాణమున సిరిసిల్ల చెంత మండేపల్లిలో పెద్ద బండ్లు నేర్పు శిక్షణాలయ మొకటి కలదు. దగ్గరివారు విచారించుకొనవచ్చును.

పూర్వపు గురుకులము మాత్రము క్లీనరు పనియే. క్లీనరు కుఱ్ఱవాడు డ్రైవరును గురువుగారని పిలుచుట మీరు వినియుందురు. ఆ మాట వేళాకోళము కాదు. టైరును రాడ్డుతో తట్టి చప్పుడును బట్టి గాలి యున్నదో లేదో చెప్పుట, పట్టా కప్పి తాళ్ళు బిగించుట, జాకీ వేసి చక్రము మార్చుట, వెనుకకు తీయునప్పుడు క్రింద నిలిచి రానీ, రానీ యని కేకవేయుట, ఇవన్నియు వాడు చేతులతో నేర్చును. డ్రైవరునకు కానరాని యెడమ ప్రక్కకు వాడే కన్ను. ఇటీవల బత్తా మిగులునని క్లీనరు లేకుండ ఒంటరిగా బండి పంపు యజమానులు కలరు. దీనివలన నేర్చుకొను కుఱ్ఱవానికి తావు పోయినది, డ్రైవరునకు మాటతోడు పోయినది. మిగిలిన బత్తా డబ్బు ఒక్క ప్రమాదమునకు చాలునా?

బండిని గూర్చి రెండు సంగతులు మీరును ఎరిగియుండుట మంచిది. వేగము రెండింతలైనచో, బ్రేకు వేసిన తరువాత బండి నిలుచుటకు పట్టు దూరము రెండింతలు కాదు, ఇంచుమించు నాలుగింత లగును. గంటకు 30 కిలోమీటర్ల వేగమున నేర్చిన యంచనా 60 కడ పనికిరాదు. ఘాట్ రోడ్డు దిగునప్పుడు డీజిలు మిగిల్చుటకై గేరు తీసివేసి జారవిడుచు దురభ్యాసము కొందరికి కలదు. అట్లు చేసినచో ఇంజను బండిని పట్టియుంచదు, భారమంతయు బ్రేకుల మీద పడును, బ్రేకులు కాలి పట్టు వదలును. చిన్న గేరులో దిగవలెను. ఈ మాట గురువు చెప్పినను, బడి చెప్పినను, తాత చెప్పినను ఒక్కటే.

ఇప్పుడు నిద్ర మాటకు వచ్చెదను. నా యొద్ద చదివిన యొకడు చేపల లారీ మీద ఆకివీడు నుండి హౌరాకు తిరిగెడివాడు. ముందుగా చేరినచో కొంత బహుమతి, ఆలస్యమైనచో కిరాయిలో కోత. ఇది వాని యజమాని పద్ధతి. ఒక వేసవిలో వాడు మా యింటికి వచ్చి యిట్లు చెప్పెను: “మాస్టారూ, కళ్ళు తెరిచే నిద్రపోయాను. ఎడమ చక్రాలు మట్టిలో దిగి దడదడమంటే మెలకువ వచ్చింది. ముందర నడిచి పోయేవాళ్ళు నలుగురున్నారు.” ఆ నలుగురు ఏ యూరివారో వాడెరుగడు. వాని చేతులు అప్పటికిని వణకుచుండెను. తెల్లవారుజామున రెండు మొదలు అయిదు గంటల వరకు మానవదేహము నిద్రనే కోరును. టీ గాని, చుట్ట గాని, పాట గాని దానిని కొంతసేపు మోసగించునే కాని తీర్చజాలదు. వాడు రెండవ డ్రైవరును పెట్టుమని యడిగెను; యజమాని కాదనెను. వాడు ఆ కొలువు మాని, కొంత తక్కువ జీతమునకు, ఇద్దరిని పంపు మరియొకని యొద్ద చేరెను. ఇంట తండ్రి కోపించెను. నేను తండ్రిని పిలిచి పలక మీద ఒక లెక్క వేసి చూపితిని.

ఆ లెక్క మీకును చెప్పెదను. ఆకివీటి నుండి హౌరాకు సుమారు 1,200 కిలోమీటర్లు. లోడు బండి గంటకు సగటున 40 కిలోమీటర్లు పోవు ననుకొనుడు. ముప్పది గంటల తోలుడు. మోటారు రవాణా కార్మికులకై 1961లో చేసిన చట్టము దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు పని యనియు, అయిదు గంటలకు మించి ఏకబిగిని పని చేయింపరాదనియు, నడుమ అరగంట విశ్రాంతి యీయవలెననియు విధించెను. దూరప్రయాణములకు దినమునకు 10 గంటల వరకు సడలింపు నిచ్చెను. ఆ చట్టము స్థానమున 2020 నాటి క్రొత్త స్మృతి 2025 నవంబరులో అమలులోనికి వచ్చినది. అందును దినమునకు ఎనిమిది గంటలే మేర. ఎనిమిది గంటల చొప్పున ఒక్కడు తోలినచో హౌరా చేరుటకు నాలుగు దినములు పట్టును. మంచు కరగును, చేప చెడును. ఇద్దరు వంతులు వేసికొన్నచో రెండవ దినమున చేరుదురు. కనుక ఇద్దరుండుట యజమాని దయ కాదు, లెక్క. ఒక్కనినే పంపి రెండవ దినమున చేరవలెనని కోరువాడు ఆ పిల్లవాని నిద్రను అమ్ముకొనుచున్నాడు. తండ్రి పలక వంక చాలసేపు చూచి, మారుమాటాడక వెడలిపోయెను.

ఈ గంటలను రోడ్డు మీద లెక్కించువారు అరుదు. అందుచేత పిల్లవాడు తాళపుచెవి పుచ్చుకొనుటకు ముందే మీరు యజమాని కడకు పోయి కూర్చుండి అడుగవలెను. పెండ్లిసంబంధమునకు పోయి ఎన్ని అడుగుదుము! ఇందు సిగ్గేల? దూరపు ట్రిప్పునకు రెండవ డ్రైవరు కలడా? జీతము నెలకా, ట్రిప్పుకా? ఆలస్యమునకు కోత కలదా? లోడు కాటా వేయింతురా? అధికభారమునకు 2019 సవరణ ప్రకారము 20,000 రూపాయలును, మీద టన్నుకు 2,000 రూపాయలును జుల్మానా. తోలినవాడును ఆ సెక్షనులో దోషియే. నియామకపత్ర మొకటి తప్పక వ్రాయించుకొనుడు. పనిలో గాయపడినవానికి యజమాని పరిహార మీయవలెనను చట్టము 1923లోనే వచ్చెను. ఆ హక్కు నేటి స్మృతిలోను నిలిచియున్నది. కాని వీడు మా పనివాడే కాడని యజమాని యన్న దినమున కాగితము లేని తల్లి యేమి చేయగలదు? అట్టి అర్జీలు నేను వ్రాసియున్నాను. లైసెన్సు అసలు ప్రతిని తన యొద్ద నుంచుమను యజమాని యింట పిల్లవానిని వదలవలదు.

ప్రమాదము జరిగినచో పారిపోవలెనను మాట లారీవారిలో నాటుకొని యున్నది. గుంపు కొట్టునను భయమే దానికి మూలము. ఆ భయము వట్టిది కాదు. చట్టమును దాని నెరుగును. గాయపడినవానిని వైద్యుని కడకు చేర్పవలెననుచునే, గుంపు కోపము మొదలగు కారణములచే సాధ్యము కానప్పుడు తప్ప అని 134వ సెక్షను చెప్పుచున్నది. అట్టి వేళ 112కు ఫోను చేసి సమీపపు పోలీసు స్టేషనుకు పోయి చెప్పవలెను. చెప్పక పారిపోయినవానికి పదియేండ్ల వరకు శిక్ష యను క్రొత్త నిబంధనకు జడిసి 2024 జనవరి మొదట డ్రైవర్లు బండ్లు నిలిపిరి. క్రొత్త శిక్షాస్మృతి 2024 జూలై 1న అమలు చేయబడినప్పుడు ఆ యొక్క నిబంధనను ఆపియుంచిరి.

మరియొక మాట. రెండేండ్లు తోలగనే సొంత లారీ కొనవలెనని పిల్లవాడు పట్టుపట్టును. ఫైనాన్సువారు గుమ్మము వరకు వత్తురు. మీరు పొలము తాకట్టు పెట్టుదురు. నెల వాయిదా నిద్రపోదు. పరాయి యజమాని కఠినుడైనచో కొలువు మానవచ్చును. తన వాయిదాకు తానే కూలివాడైనవాడు ఎవ్వరి కొలువు మానును? ఆరేడేండ్లు తోలి, కిరాయిల గుట్టు, టైర్ల ఖర్చు, ఖాళీగా తిరిగివచ్చు దినముల నష్టము తెలిసిన పిదప కొనవచ్చును.

అన్నియు కష్టములే చెప్పితిననవలదు. క్రొత్తగా తయారగు పెద్ద లారీల క్యాబినులలో చల్లని గాలి యంత్రము ఉండి తీరవలెనని ప్రభుత్వము నియమించినది. వేసవిలో ఇంజను వేడికి ఉడికిన పాతవారికి ఇది స్వర్గము. శ్రద్ధగలవాడు ఈ పనిలో నిజాయితీగా ఇల్లు నిలుపగలడు. అట్టివారు నా శిష్యులలో పలువురు కలరు.

పిల్లవాడు బయలుదేరు నాడు లైసెన్సు నకలు, నియామకపత్రము, బండి నంబరు, యజమాని ఫోను నంబరు ఒక కాగితమున వ్రాసి ఇంట భద్రపరుపుడు. తరువాత రాత్రి తొమ్మిది గంటలకు, అన్నము తింటివా యని మీరు ఫోను చేయవలదు. వాడు ఒక చేత ఎత్తును. బండి నిలిపినప్పుడు వానినే చేయుమనుడు; అంతవరకు తల్లిని ఓర్చుకొనుమనుడు. సెలవు.