కాళ్లు మొరాయించినప్పుడు

ఈ దినము అలసటను గూర్చి కొన్ని మాటలు మీతో పంచుకొన గోరుచున్నాను. మనస్సు అలసటను గూర్చి కాదు, కాళ్ల అలసటను గూర్చి.

నాకు తెలిసిన ఒక సహోదరుడు ఉన్నాడు. వయస్సు యాభై దాటింది. పందెముల కొరకు కాదు గాని, ఆరోగ్యము కొరకు, సంతోషము కొరకు ఉదయమే సైకిలు తొక్కేవాడు. హైదరాబాదు అవుటర్ రింగు రోడ్డు ప్రక్కన 2023లో ప్రారంభమైన సైకిలు బాట మీద గంటలో 20 కిలోమీటర్లు అవలీలగా వెళ్లేవాడు. కొన్ని నెలలకు అదే దూరానికి గంటా పదిహేను నిమిషములు పట్టసాగింది. కొంచెము ఎత్తు వస్తే చాలు, తొడలు సీసము నింపినట్లు బరువెక్కేవి.

మొదట సైకిలును అనుమానించాడు. టైర్లలో గాలి చూశాడు, సీటు ఎత్తు సరిచేశాడు, బ్రేకు చక్రమునకు రాసుకొనుచున్నదేమో చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. అప్పుడు తన్ను తానే నిందించుకొన్నాడు. "నాకు సోమరితనము పట్టుకొన్నది" అన్నాడు. వారమునకు ఒక దినము తీసుకొనే విశ్రాంతి కూడ మానివేసి, ఇంకా ఎక్కువ తొక్కాడు. ప్రియులారా, మనలో అనేకులము చేయుచున్నది ఇదే గదా! నీరసించిన ఎద్దుకు మేత వేయక చెర్నాకోల తీయుచున్నాము.

చివరకు భార్య పట్టుబట్టి రెండు వారములు మాన్పించింది. అతిగా శ్రమించుటవలన వచ్చిన అలసటైతే విశ్రాంతితో కొంతైనా తగ్గవలెను. తగ్గలేదు. మెట్లు ఎక్కినా ఆయాసమే. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 10 అని వచ్చింది. పురుషులకు 13 కంటె తగ్గితే రక్తహీనత అంటారు. కండరములకు ప్రాణవాయువును మోసుకొనిపోయేది అదే. అది తగ్గినప్పుడు పట్టుదల ఎంత ఉన్నా కాళ్లు ఏమి చేయగలవు?

డాక్టరుగారు ఐరన్ మాత్రలు వ్రాసి ఊరుకొనలేదు. "ఈ వయస్సులో మగవారికి రక్తము తగ్గిందంటే, అది లోపల ఎక్కడైనా పోతోందేమో చూడాలండీ" అన్నారు. ఎండోస్కోపీలో కడుపులో పుండు కనబడింది. మోకాలి నొప్పికని మందుల షాపులో అడిగి నెలల తరబడి మింగిన మాత్రలే దానికి కారణము. మలము నల్లగా వచ్చుచున్నా సిగ్గుపడి ఎవరితోను చెప్పలేదు. చికిత్స జరిగింది. నెలలు పట్టినా, కాళ్లకు మునుపటి సత్తువ వచ్చింది.

అందరికీ కారణము ఇదే ఉండదు. కొందరికి థైరాయిడ్ లోపము. మధుమేహమునకు ఏండ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో కొందరికి బి12 లోపము. నడుస్తుంటే పిక్కలు పట్టివేసి, నిలబడితే తగ్గిపోవుచున్నదా? కాలి రక్తనాళములు ఇరుకైనవేమో చూపించుకొనండి.

ఏలీయాను జ్ఞాపకము చేసికొనండి. బదరీవృక్షము క్రింద, ఇక చాలునని పడుకొన్న అతనిని దేవుడు గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూతను పంపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు, ఒకసారి కాదు, రెండుసార్లు. ఆ తరువాతనే నలువది దినముల ప్రయాణము.

కాబట్టి ప్రియ సహోదరీ, సహోదరుడా, విశ్రాంతి తీసుకొన్నా తగ్గని అలసటను దాచవద్దు. పరీక్ష చేయించుకొనుట అవిశ్వాసము కాదు. మీ కాళ్లు మీ మీద తిరుగుబాటు చేయుట లేదు. మీకు ఒక కబురు చెప్పుచున్నవి. ఆలకించండి. ఆమేన్.