స్థానిక ఎన్నికల తాళంచెవి ఎవరి మొలలో ఉంది?

(శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల రైతు కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో ఎప్పుడూ ధాన్యం ధర, యూరియా, వంశధార శివారు నీళ్ళ గురించి మాట్లాడుకుంటాం. ఈ పూట నాకిచ్చిన అంశం వేరు. మున్సిపాలిటీ, పంచాయతీ, సొసైటీ, నీటి సంఘం ఎన్నికలు ఎవరు జరపాలి అన్నది అంశం. మున్సిపాలిటీ ఎన్నికతో రైతుకేం పని అని భోజనాల దగ్గర ఒకరు అడిగారు కూడా. ఆ పని ఏమిటో చెప్పడానికే నిలబడ్డాను.

మన కార్యకర్తల్లో కొంతమంది ఒక మాట గట్టిగా అంటున్నారు. "మున్సిపాలిటీ ఎన్నికల పని మున్సిపల్ కమిషనరు దగ్గర, పంచాయతీది ఆ శాఖ దగ్గర, సొసైటీది సహకార శాఖ దగ్గర. ఎవరికి వాళ్ళే నాన్చుతున్నారు. మొత్తం తీసుకెళ్ళి జిల్లా కలెక్టరు చేతిలో పెట్టేస్తే టైముకి జరిగిపోతాయి కదా" అని. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో ఇలాంటి ఏర్పాటే ఉంది. చిన్న ఊళ్ళు తమ ఎన్నికల పనిని కౌంటీకి, అంటే మన జిల్లాలాంటి దానికి, అప్పగించుకోవచ్చు. సిబ్బంది, ఖర్చు కలిసొస్తాయని అక్కడ చెప్పే కారణం. ఆ ఏర్పాటు మన దగ్గర పనికొస్తుందా లేదా అన్నది మన జిల్లా అనుభవంతోనే తూచి చూద్దాం.

ముందు చట్టం సంగతి. 73, 74 రాజ్యాంగ సవరణలు 1993లో అమల్లోకి వచ్చాయి. పంచాయతీకైనా మున్సిపాలిటీకైనా పదవీకాలం ఐదేళ్ళు. ఆ ఐదేళ్ళు నిండకముందే తరవాతి ఎన్నిక అయిపోవాలి. ఆ ఎన్నికల మీద పెత్తనం రాష్ట్ర ఎన్నికల సంఘానిది. కానీ ఆ సంఘానికి సొంత సిబ్బంది ఎంతమంది? పట్టుమని ఒక ఆఫీసుకి సరిపడా. బూతులు పెట్టేది, పెట్టెలు మోసేది, లెక్కపెట్టేది కలెక్టరు కింద పనిచేసే ఉద్యోగులు, మన ఊరి టీచర్లు, రెవెన్యూ వాళ్ళు. కాబట్టి పోలింగు పని చాలావరకు ఇప్పటికే కలెక్టరు చేతిమీదుగానే నడుస్తోంది. కొత్తగా అప్పగించడానికి మిగిలింది తక్కువే.

మరి ఎక్కడ ఆగిపోతోంది? శ్రీకాకుళం పట్టణాన్ని చూడండి. అక్కడ మున్సిపల్ ఎన్నిక చివరిసారి జరిగింది 2005లో. 2010లో ఆ కౌన్సిలు గడువు తీరింది. చుట్టుపక్కల పంచాయతీల విలీనం వ్యవహారం తేలక 2014లో అన్ని ఊళ్ళతో పాటు అక్కడ ఎన్నిక జరగలేదు. 2015లో కార్పొరేషన్ చేశారు. బోర్డు మారింది, పన్ను రసీదు మీద పేరు మారింది, కార్పొరేటర్లు మాత్రం రాలేదు. 2021 మార్చి 10న రాష్ట్రంలో మున్సిపల్ ఎన్నికలు జరిగినప్పుడు అప్పటి మన జిల్లాలో పలాస-కాశీబుగ్గ, ఇచ్ఛాపురం, పాలకొండలో ఓట్లు వేశారు. శ్రీకాకుళం, ఆమదాలవలస, రాజాం ఆగిపోయాయి. అవతల విజయనగరం, బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం, నెల్లిమర్ల, అన్నీ జరిగాయి.

ఇప్పుడు ఇంకో వైపు చూడండి. అదే శ్రీకాకుళంలో 2009, 2014, 2019, 2024లో అసెంబ్లీకి, పార్లమెంటుకి ఎన్నికలు జరిగాయి. ఒక్కటీ తప్పలేదు. అదే కలెక్టరేటు, అవే బడులు, అదే సిరా. 2005లో పుట్టిన పిల్ల 2024లో అసెంబ్లీకి ఓటేసి వచ్చింది. ఆ పిల్ల తన వార్డుకి ఎన్నికైన మనిషి అంటూ ఒకరిని 2010 తరవాత చూసి ఎరగదు. కలెక్టరుకి చేతకాక ఆగిందా? కాదు. ఢిల్లీ ఎన్నికకి తేదీ వేసేది కేంద్ర ఎన్నికల సంఘం. నియోజకవర్గాల హద్దులు గీసేది ప్రత్యేకంగా వేసిన కమిషన్. వాటిలో ఏదీ ఇక్కడి మంత్రి మొలలో లేదు.

ఊరి ఎన్నిక సంగతి అలా కాదు. ఏ పంచాయతీని ఎందులో కలపాలి, ఎన్ని వార్డులు, ఏ వార్డు ఎవరికి రిజర్వు, ఇవన్నీ రాష్ట్ర ప్రభుత్వ శాఖలు తేల్చాలి. అవి తేల్చి కాగితం పంపితేనే ఎన్నికల సంఘం నోటిఫికేషన్ ఇవ్వగలదు. పంపకపోతే చూస్తూ కూర్చోవాలి. ఉభాలకి మనుషులు సిద్ధంగా ఉన్నారు, నాగలి సిద్ధంగా ఉంది, కానీ నారుమడి ఎవడో తాళం వేసి పట్టుకెళ్ళాడు. అప్పుడు కూలీలను మార్చి ఏం లాభం?

ఇంకా అనుమానం ఉంటే మన నీటి సంఘాలు చూడండి. 1997 చట్టం వచ్చిన్నాటి నుంచి వాటి ఎన్నికల ఏర్పాటు కలెక్టరుదే. మన వాళ్ళు కోరుతున్న పద్ధతి అక్కడ ఎప్పటినుంచో ఉంది. ఏమైంది? ప్రభుత్వం మాట్లాడనంత కాలం ఏళ్ళకేళ్ళు సంఘాలు ఖాళీగా ఉన్నాయి. కాలవలో గుర్రపుడెక్క తీయించేవాడు లేడు, షట్టర్ పాడైతే అడిగేవాడు లేడు. 2024 డిసెంబరులో ప్రభుత్వం సరే అంది, కొద్ది రోజుల్లో రాష్ట్రమంతా జరిగిపోయాయి. జరిపింది కలెక్టర్లే, అంతకుముందు జరపకుండా ఉన్నదీ కలెక్టర్లే. వాళ్ళని తిట్టి లాభం లేదు. పైనుంచి ఆర్డరు లేకుండా కలెక్టరు కదలడు. ఆయన బదిలీ ప్రభుత్వం చేతిలో ఉంది.

సొసైటీలది ఇంకా దారుణం. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలకి చివరగా ఎన్నికలు జరిగింది 2013లో, ఉమ్మడి రాష్ట్రం ఉండగా. ఐదేళ్ళు 2018లో నిండాయి. ఆ తరవాత గడువులు పెంచారు, పైనుంచి కమిటీలు వేశారు. ఏ పార్టీ అధికారంలో ఉంటే ఆ పార్టీ మనుషులు. మన అప్పులోంచి వాటా ధనం పట్టుకుంటారు కదా, ఆ డబ్బుకి మనం యజమానులం. యజమాని ఓటు లేకుండా పన్నెండేళ్ళు దాటిపోయింది. ఎరువు బస్తా ఎవరికి ముందు ఇచ్చారో, ఎవరి పేరున అప్పు రాశారో అడగడానికి మనం ఎన్నుకున్న మనిషి ఒక్కడు లేడు.

ఏదో ఒక పార్టీని తిట్టడానికి ఇదంతా చెప్పడం లేదు. పంచాయతీల గడువు 2018 ఆగస్టులో తీరినప్పుడు ఒక ప్రభుత్వం ఉంది, ఎన్నికలు పెట్టలేదు. తరవాత ఇంకో ప్రభుత్వం వచ్చింది. 2020 మార్చిలో కరోనా పేరున ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేష్ కుమార్ ఎన్నికలు వాయిదా వేస్తే, ఏప్రిల్‌లో ఆర్డినెన్సు తెచ్చి ఆయన్ని ఇంటికి పంపారు. మే నెలలో హైకోర్టు అది చెల్లదంది. 2021 జనవరిలో ఆయన పంచాయతీ ఎన్నికలకి తేదీలు ఇస్తే ప్రభుత్వం వద్దంది. సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, జనవరి 25న అక్కడ కూడా ఓడింది. అప్పుడు ఫిబ్రవరిలో నాలుగు విడతల్లో ఓట్లు వేశాం. రెండున్నరేళ్ళు ప్రత్యేకాధికారుల పాలన. ఎన్నికల సంఘం అనేది రాజ్యాంగం ఇచ్చిన సంస్థ కాబట్టి కోర్టుకెళ్ళి నిలబడింది. ఆ పని ఒక కలెక్టరు చెయ్యగలడా? ప్రభుత్వం వద్దంటే నేను జరుపుతానని కోర్టుకెళ్ళే కలెక్టరుని నేను చూడలేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. కౌన్సిలు లేనప్పుడు కుర్చీలో కూర్చునే ప్రత్యేకాధికారి ఎవరు? కార్పొరేషన్లకి కలెక్టరునే వేయడం మన రాష్ట్రంలో మామూలు. అంటే ఎన్నిక జరగకపోతే అధికారం ఎవరికి వస్తుందో, ఆ ఎన్నిక బాధ్యత వాళ్ళకే ఇమ్మని మనం అడుగుతున్నట్టు. పొలం తాకట్టు పట్టుకున్న షావుకారునే అప్పు తీరిందో లేదో లెక్క చూడమన్నట్టు ఉంటుంది.

ఇక రైతుకేం పని అన్నదానికి వస్తాను. పట్టణం పక్కన ఊరుని విలీనం చేసిన రోజున పంచాయతీ రద్దయిపోతుంది. గ్రామసభ ఉండదు. ఉపాధి హామీ పని పల్లెలకే కాబట్టి జాబు కార్డు అటకెక్కుతుంది. ఖాళీ స్థలం పన్ను వస్తుంది. ఊరి చెరువు, గెడ్డ గట్టు, పశువులు మేసే బంజరు మున్సిపాలిటీ చేతికి పోతాయి. పట్టణం చెత్త ఎక్కడ పోస్తారు? ఆ ఊరి పొలాల పక్కనే. ఇవన్నీ వస్తాయి, వీటి గురించి కౌన్సిల్లో లేచి అడిగే మనిషి మాత్రం రాడు. విలీనమైన ఊరి రైతుకి సర్పంచి పోయాడు, కార్పొరేటరు రాలేదు. వరి మడి మధ్యలోంచి మురుగు కాలవ వేస్తామంటే ఎవరి గడప తొక్కాలి? ఎన్నికైన పాలకవర్గం ఉంటేనే స్థానిక సంస్థలకి ఆర్థిక సంఘం గ్రాంటు అన్న షరతు కూడా ఉంది. ఎన్నిక ఆపితే ఓటుతో పాటు నిధులూ పోతాయి.

సుప్రీంకోర్టు ఈ విషయంలో చాలా స్పష్టంగా చెప్పింది. 2006లో అహ్మదాబాద్ నగర కార్పొరేషన్ కేసులో, ఐదేళ్ళ గడువు దాటకూడదు, రాష్ట్ర ప్రభుత్వం ఎన్నికల సంఘానికి సహకరించి తీరాలి అంది. 2022 మే నెలలో మధ్యప్రదేశ్ కేసులో ఇంకా ముందుకెళ్ళింది. వార్డుల విభజన తేలలేదన్న సాకుతో ఎన్నిక ఆపవద్దు, పాత వార్డులతోనైనా జరపండి అంది. తీర్పులు ఉన్నాయి. వాటిని పట్టుకుని నిలదీసే జనం లేక అవి కాగితాల్లో పడి ఉన్నాయి.

కేరళ చూడండి. 1995 నుంచి ఐదేళ్ళకోసారి అక్కడ స్థానిక ఎన్నికలు వస్తూనే ఉన్నాయి. 2000, 2005, 2010, 2015, 2020. 2020లో కరోనా ఉండగానే డిసెంబరులో జరిపారు. అక్కడా పోలింగు పని చేసేది జిల్లా ఉద్యోగులే. తేడా ఏమిటంటే, వార్డులు విభజించే కమిషన్‌కి అధ్యక్షుడు రాష్ట్ర ఎన్నికల కమిషనరే. నారుమడి తాళం ఆయన దగ్గరే ఉంది.

అందుకే, కలెక్టరుకి అప్పగించండి అన్న తీర్మానాన్ని ఇలా మార్చుకుందామని నా ప్రతిపాదన.

ఒకటి. వార్డుల విభజన, రిజర్వేషన్ల ఖరారు ప్రభుత్వ శాఖల నుంచి తీసి రాష్ట్ర ఎన్నికల సంఘానికి ఇవ్వాలి. కలెక్టరు, ఆయన సిబ్బంది ఆ సంఘం చెప్పినట్టు పోలింగు పని చేస్తారు. అంతవరకే.

రెండు. గడువు తీరడానికి ఏడాది ముందు నుంచి ఏ ఊరినీ కలపకూడదు, విడదీయకూడదు. ఆలోగా తేలకపోతే పాత హద్దులతోనే ఎన్నిక.

మూడు. పంచాయతీని పట్టణంలో కలపాలంటే ముందు గ్రామసభలో ఒప్పుకోలు ఉండాలి. కలిపాక, ఎన్నికైన కౌన్సిలు వచ్చేదాకా ఆ ఊళ్ళలో కొత్త పన్ను వేయకూడదు.

నాలుగు. సొసైటీల ఎన్నికలు, నీటి సంఘాల ఎన్నికలు కూడా సహకార శాఖ, కలెక్టరు చేతుల్లోంచి తీసి ఎన్నికల సంఘం కిందికి తేవాలి. ఐదేళ్ళ గడువు వాటికీ వర్తించాలి. పార్టీ కమిటీలు వేయడం ఆపాలి.

ఐదు. శ్రీకాకుళం, ఆమదాలవలస, రాజాంలో వెంటనే ఎన్నికలు పెట్టాలి.

ఇది కాగితం మీద రాసి పంపేస్తే సరిపోదు. 2021లో ఎన్నికైన పంచాయతీలకి ఐదేళ్ళు నిండే ఏడాది 2026. కాబట్టి ఇప్పుడే మొదలెట్టాలి. ప్రతి మండలంలో మన కార్యకర్తలు మూడు విషయాలు రాసుకోండి. మీ పంచాయతీ గడువు ఎప్పుడు, మీ సొసైటీలో చివరగా ఓటేసింది ఎప్పుడు, మీ ఊరిని ఏ పట్టణంలోనైనా కలిపే ప్రతిపాదన ఉందా. ఓటరు లిస్టు అసెంబ్లీ లిస్టు నుంచే వార్డులవారీగా విడగొడతారు, అందుకని అక్కడ పేరు ఉందో లేదో కౌలు రైతులు, వలస వెళ్ళి వచ్చినవాళ్ళు ముందే చూసుకోవాలి. గ్రామసభ జరిగితే ఈ ఐదు కోరికలు తీర్మానంగా పెట్టించండి. సోమవారం అర్జీల రోజున ఒక్కొక్కరుగా వెళ్ళకుండా పది ఊళ్ళ వాళ్ళు కలిసి వెళ్ళండి. కలెక్టరు గారికి ఇచ్చే అర్జీ నకలు ఎన్నికల సంఘానికి కూడా పంపండి. రసీదు జాగ్రత్త పెట్టండి, రేపు కోర్టులో అదే మన సాక్ష్యం.

ధాన్యం ధర అడగాలన్నా, కాలవ నీళ్ళు అడగాలన్నా, ఊళ్ళో ముందు మనం ఎన్నుకున్న మనిషి ఉండాలి. వాడు మన మాట వినకపోతే ఐదేళ్ళకి దింపేస్తాం. ప్రత్యేకాధికారిని ఎలా దింపుతాం? ఈ తీర్మానం మీద అందరూ మాట్లాడండి, తప్పులుంటే సరిచేయండి, ఒప్పుకుంటే చెయ్యెత్తండి. సెలవు.