రక్షక కణముల ఆయుర్దాయము

రొమ్మెముక వెనుక, గుండెకు కొంచెము పైగా, థైమస్ అను మెత్తని గ్రంథి యొకటి కలదు. బాల్యమున పుష్టిగా నుండి, యౌవనము వచ్చిన పిదప క్రమముగా క్షీణించు ఈ గ్రంథివలన ప్రయోజనమేమియు లేదని వైద్యులు చిరకాలము తలంచిరి. 1961లో లండను నగరమున జాక్ మిల్లర్ అను యువశాస్త్రజ్ఞుడు అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలనుండి దానిని తొలగించి చూడగా, అవి రోగములను తాళజాలక కృశించుటయు, పరాయి ఎలుక చర్మమును తమ మేన నతికించినను త్రోసివేయజాలకుండుటయు తేటపడెను.

దేహమును కాపాడు టీ-కణములు పరిపక్వము చెందునది ఈ గ్రంథిలోనే. ఎముకల మూలుగనుండి వచ్చి ఇందు ప్రవేశించి పెరుగు కణములలో నూటికి 95కు మించి ఇందే మరణించును. స్వదేహపు గుర్తులను కొంచెమైనను పోల్చుకొననేరని కణమునకు జీవింపుమను సంకేత మందదు. అది ఆదరణము లేక నశించును. ఆ గుర్తులనే శత్రువులుగా నెంచి గట్టిగా పట్టుకొను కణమునకు మరణింపుమను ఆజ్ఞయే వచ్చును. ఇంత వినాశనము వ్యర్థవ్యయము కాదా యని కొందరకు తోచవచ్చును. కాని ఈ పరీక్ష సడలినచో మన సైన్యము మన యింటిమీదనే పడును గనుక, దీనిని నేను ప్రకృతి దయ యనియే చెప్పుదును.

ఉత్తీర్ణమైన కణమునకైనను ఆయువు శాశ్వతము కాదు. ఇంటర్‌ల్యూకిన్-7 అను ప్రోటీను ఎడతెగక వచ్చి కణపు పొరమీది గ్రాహకమును తాకుచున్నంతకాలమే, లోపల బీసీఎల్-2 అను మరియొక ప్రోటీను తగినంతగా నిలిచి మైటోకాండ్రియాల పొరను కాచుచుండును. ఆ స్పర్శ తప్పినచో కాపు సన్నగిల్లును. బ్యాక్స్, బ్యాక్ అను ప్రోటీనులు పొరకు రంధ్రములు చేయును. సైటోక్రోమ్-సి వెలికి జారును. కాస్పేసులను ఎంజైములు మేల్కొని కణమును చిన్నచిన్న తునకలుగా విడదీయగా, భక్షకకణములు వానిని, చుట్టుప్రక్కల వాపును మంటయు పుట్టకుండ, మ్రింగివేయును. బీసీఎల్-2 పని కణములను వృద్ధిపొందించుట కాదనియు, చావకుండ నిలుపుటయే యనియు 1988లో మెల్బోర్నులో డేవిడ్ వో, సుజాన్ కోరీ, జెర్రీ ఆడమ్స్ చూపిరి.

మరణాజ్ఞ వెలుపలినుండియు రావచ్చును. మరల మరల ఉద్దీపనము పొందిన టీ-కణము తన పొరమీద ఫాస్ అను గ్రాహకమును ధరించును. దానికి జోడైన ప్రోటీను వచ్చి తగిలినచో ఆ కణము కొద్ది గంటలలోనే కూలును. ఫాస్ జన్యువును 1991లో ఒసాకాలో షిగెకాజు నాగాటా బృందము వెలువరించెను. ఈ జన్యువు చెడి పుట్టిన పిల్లలకు లింఫు గ్రంథులును ప్లీహమును ఉబ్బును. చావవలసిన కణములు చావక పేరుకొని, తుదకు ఆ పిల్లల రక్తకణములనే నాశనము చేయు ప్రతిదేహములు పుట్టును.

బీసీఎల్-2 మితిమీరినప్పుడు కలుగు కీడు కొన్ని లింఫు కాన్సరులలో కనబడును. ఆ ప్రోటీనును పట్టి బంధించి, చావు మరచిన కణములకు చావును మరల కలిగించు వెనిటోక్లాక్స్ అను ఔషధమును 2016లో అమెరికా ప్రభుత్వ మామోదించెను. నేడు ఒక జాతి రక్తకాన్సరు రోగులు దానిని మాత్రలుగా సేవించుచున్నారు.