పుట్టుకను బట్టి పని: చట్టము చెప్పునదేమి?

(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)

పంచాయతీ సభ్యులారా,

పూర్వము నల్లగొండ, మహబూబునగరు పల్లెలలో ఎవరికి ఏ పని అన్నది పుట్టుకయే నిర్ణయించెడిది. పటేలు కొడుకు పటేలు. పట్వారి కొడుకు పట్వారి. చచ్చిన పశువును ఈడ్చువాని కొడుకునకు ఆ పనియే. దొర గడీలో కూలి లేని వెట్టి కొందరి వంతు. అప్పు క్రింద ఏండ్ల తరబడి భాగేలాగా ఉండుట మరికొందరి వంతు. 1946లో నల్లగొండ ప్రాంతమున రైతాంగ పోరాటము చెలరేగుటకు ఈ వెట్టి ఒక ముఖ్యకారణము.

రాజ్యాంగము ఈ కట్టును తెంచినది. 16వ అధికరణము సర్కారు కొలువులలో కులము, మతము, లింగము, వంశము మొదలగువానిని బట్టి వివక్ష చూపరాదన్నది. 17వది అంటరానితనమును, 23వది వెట్టిని నిషేధించినవి.

అయినను ఆ మాట పల్లెకు చేరుటకు కాలము పట్టినది. గ్రామ మునసబు పదవి పాత మునసబు వంశమునకే చెందవలెనను 1895 నాటి మద్రాసు చట్టపు నిబంధనను గుంటూరు జిల్లాకు చెందిన గాజుల దశరథరామారావు ప్రశ్నించెను. అది చెల్లదని 1960 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పటేలు, పట్వారి, మునసబు, కరణము పదవులనే రద్దు చేసినది.

వంశమును బట్టి వచ్చు పెత్తనము అట్లు పోయినది. వంశమును బట్టి వచ్చు చాకిరియు పోవలదా? 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము ప్రకారము మనిషిని కట్టివేసిన అప్పు రద్దయినట్లే. అట్లు చాకిరి చేయించినవారికి మూడేండ్ల వరకు జైలుశిక్ష కలదు. అంటరానితనము పేర చచ్చిన పశువును ఈడ్వుమని గాని, వీధి ఊడ్వుమని గాని బలవంతపెట్టుట పౌరహక్కుల రక్షణ చట్టము క్రింద నేరము. శిక్ష మూడు నెలలకు తగ్గదు. ఆరు నెలల వరకు ఉండవచ్చును.

"అది వారి కులవృత్తియే గదా" అని కొందరు మమ్ము అడుగుచుందురు. ఇష్టపడి, తగిన కూలి పుచ్చుకొని చేయుట వేరు. చేయనన్నవారికి అంగడిలో సరుకు, పొలములో కూలి దొరకకుండ చేయుట వేరు. దళితులను, గిరిజనులను అట్లు వెలివేయుట అత్యాచార నిరోధక చట్టము క్రింద నేరము.

కావున మీరు చేయదగిన పనులు ఇవి. పశు కళేబరముల తొలగింపునకు పంచాయతీ కూలి నిర్ణయించి, ఒప్పుకొన్న వారెవరైనను సరే, చేతి తొడుగులిచ్చి చేయింపుడు. ఒకే పనికి స్త్రీ పురుషులకు ఒకే కూలి ఇండు. బడిలో వంట చేయు ఆమె కులమును ఎవరైన ప్రశ్నించినచో మీరే ముందు నిలువుడు. నెలనెలా జరుపవలసిన పౌరహక్కుల దినమును సంతకములతో సరిపెట్టక, దళితవాడలోనే జరిపింపుడు. వెట్టి కనబడిన కలెక్టరుకు గాని, ఆర్‌డీఓకు గాని తెలుపుడు; అంటరానితనము కనబడిన పోలీసు ఠాణాలో ఫిర్యాదు చేయింపుడు.

చట్టము పుస్తకములో ఉన్నది. దానిని ఊరిలో నిలుపవలసినది మీరు.