కాలిబాటపై విద్యుచ్చక్రాలు

మనుష్యుడు నడిచే చోటు వేరు, బండి నడిచే చోటు వేరు అన్నది పట్టణజీవనంలో చాలా పాతబడిన సూత్రం. వీథికి ఇరుప్రక్కలా జానెడెత్తున రాతిపలకలు పరచి దానికి కాలిబాట అని పేరు పెట్టినప్పుడే ఈ తగవు తీరిపోయిందని పెద్దలు భావించారు. తీరలేదు. ఇటీవలి సంవత్సరాలలో పెద్ద నగరాల బజారులలోకి వచ్చిన ఒక చిన్న యంత్రం ఆ తగవును మళ్ళీ తిరగదోడింది.

ఆ యంత్రం చూడటానికి పిల్లల ఆటవస్తువులాగా ఉంటుంది. నిలబడటానికి ఒక పలక, దానికి ముందొకటి వెనుకొకటి చిన్న చక్రాలు, పట్టుకోవటానికి నిలువుకడ్డీ మీద ఒక అడ్డపిడి. పలక క్రింద లిథియం బ్యాటరీ ఉంటుంది. మోటారు సాధారణంగా చక్రనాభిలోనే ఇమిడి ఉంటుంది. దీనిని మడిచి చేతబట్టుకొని రైలెక్కవచ్చు. దిగిన తరువాత విప్పి, నిలుచుండి, ఇంటిగుమ్మం దాకా పోవచ్చు. పొగ లేదు, పెట్రోలు వాసన లేదు, చప్పుడు అసలే లేదు. మనదేశంలో విద్యుత్ స్కూటరు అనగానే కూర్చొని నడిపే, నంబరుపలక గల పెద్ద బండి స్ఫురిస్తుంది. నేనిప్పుడు ప్రసంగిస్తున్నది దానిని గూర్చి కాదు. ఈ నిలుచుండి నడిపే బండిని గూర్చీ, దాని బంధువర్గాన్ని గూర్చీను.

దీని మీద నిలుచున్నవాడు పాదచారియా, వాహనచోదకుడా? ప్రశ్న చిన్నదే కాని దీనికి సమాధానం చెప్పటంలో ప్రభుత్వాలు పడిన అవస్థ చిన్నది కాదు. రోడ్డు మీదికి పొమ్మంటే లారీల మధ్య నలిగిపోతాడు. కాలిబాట మీదికి రమ్మంటే ముసలివారిని, పసివారిని పడగొడతాడు. ఎక్కడికీ వద్దంటే, వాడి పొట్ట ఎట్లా గడవాలి?

ఇంగ్లండు దేశపు సంగతి ఇందులో కొంచెం వినోదకరంగా ఉంటుంది. అక్కడ 1835లో రహదారులను గూర్చి ఒక చట్టం చేశారు. కాలిబాట మీద గుర్రాన్నిగాని, గాడిదనుగాని, బండినిగాని నడపరాదని అందులో డెబ్బదిరెండవ సెక్షను శాసిస్తుంది. 1888లో సైకిలు కూడా బండియేనని ఇంకొక చట్టం నిర్ణయించింది. గుర్రాలను, గాడిదలను దృష్టిలో పెట్టుకొని వ్రాసిన ఆ సెక్షనే ఈనాటి విద్యుచ్చక్రాలకూ వర్తిస్తున్నది. కనుక కాలిబాట నిషిద్ధం. ఇక రోడ్డు మీదనా, అక్కడ దీనిని మోటారు వాహనంగా లెక్కిస్తారు. మోటారు వాహనానికి రిజిస్ట్రేషను, భీమా ఉండాలి. సొంతానికి కొనుక్కున్న ఈ చిన్న బండికి అవి దొరికే దారి లేదు. అంగడిలో దీనిని యథేచ్ఛగా అమ్మవచ్చు, కొనవచ్చు. సొంత స్థలంలో తప్ప నడపరాదు. 2020 నుంచి కొన్ని పట్టణాలలో అద్దెబండ్లను మాత్రం పరీక్షార్థం అనుమతిస్తున్నారు. అమ్మకానికి అడ్డులేక, వాడకానికి చోటులేక ఉన్న వస్తువును జనం ఏం చేస్తారో వేరే చెప్పనక్కరలేదు. వాడుతూనే ఉన్నారు.

ఈ వివాదంలో ఉద్రేకాలు ఎక్కువ, లెక్కలు తక్కువ. ఉన్న లెక్క చాలా సులభమైనది. మనం మామూలుగా నడిచే నడక గంటకు 5 కిలోమీటర్లు. ఈ బండి 25 కిలోమీటర్లు పోగలదు. అంటే సెకనుకు దాదాపు 7 మీటర్లు. వెనుక ఏదో వస్తున్నదనిపించి ఒక వృద్ధుడు తల త్రిప్పి చూచి ప్రక్కకు జరిగేలోగా, రెండే సెకన్లు పట్టిందనుకొన్నా, అది 14 మీటర్లు వచ్చేస్తుంది. తాకిడిలోని శక్తి వేగపు వర్గాన్ని అనుసరిస్తుందని బడిలో చదువుకున్నాం. 10 కిలోమీటర్ల వేగంతో తగిలినదాని కంటె 25 కిలోమీటర్లతో తగిలినది ఆరు రెట్లకు పైగా శక్తితో తగులుతుంది. దీనికితోడు చప్పుడు లేకపోవటం. చూపులేనివారికి చెవే కన్ను. వారికి ఈ నిశ్శబ్దం ఎంతటి అపాయమో ఊహించండి. నడిపేవాడికీ క్షేమం లేదు. చక్రం చిన్నది, సైకిలు చక్రం దాటిపోయే గుంటలో ఇది ఇరుక్కొని మనిషిని ముందుకు విసరివేస్తుంది.

ఇన్ని చిక్కులనూ ఎదుట పెట్టుకొని, ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ చట్టం చేసిన నగరం సింగపూరు. అక్కడి అనుభవం కొంత విపులంగా చెప్పుకోదగినది.

సింగపూరు పార్లమెంటు 2017లో ఒక చట్టం చేసింది. అది 2018 మే నెలలో అమలులోకి వచ్చింది. బండి బరువు 20 కిలోలు, వెడల్పు 70 సెంటీమీటర్లు, వేగం 25 కిలోమీటర్లు మించరాదన్నారు. రోడ్డు మీద నిషేధం. సైకిళ్ళ బాట మీద 25 కిలోమీటర్ల వరకు పోవచ్చు. కాలిబాట మీద 15 దాటరాదు. పాదచారులూ చక్రాలవారూ పరస్పర మర్యాదతో ఒకే బాటను పంచుకుంటారని ఆశించారు. ఆశ మంచిదే. కాని గంటకు 15 కిలోమీటర్లన్నది నడకకు మూడింతలు. ఫిర్యాదులు పెరిగాయి. 2019 ఫిబ్రవరిలో పదిహేనును పదికి తగ్గించారు. ఆ జూలై నుంచి ప్రతి బండికీ రిజిస్ట్రేషను నిర్బంధం చేశారు. బ్యాటరీలు ఇండ్లలో అంటుకొని మంటలు రేగినందున వాటికి కూడా ప్రమాణాలు నిర్ణయించారు.

2019 సెప్టెంబరులో బెడోక్ అనే పేటలో సైకిలు మీద పోతున్న 65 ఏండ్ల స్త్రీ ఇట్టి బండి ఒకటి తగిలి పడిపోయి, కొద్దిరోజులకు మరణించింది. ఆ బండి నిబంధనలకు లోబడినది కాదు. అంటే చట్టం ఉన్నది, చట్టాన్ని మీరిన బండీ ఉన్నది. ప్రజాభిప్రాయం అక్కడితో తిరిగిపోయింది. బండ్లను పూర్తిగా నిషేధించాలని వేలాదిమంది సంతకాలు చేశారు.

నవంబరు 4వ తేదీన మంత్రి పార్లమెంటులో ప్రకటించాడు. మరునాటి నుంచి కాలిబాటల మీద విద్యుత్ స్కూటర్లు నిషిద్ధం. సంవత్సరాంతం వరకు హెచ్చరికలు. 2020 జనవరి 1 నుంచి శిక్షలు, 2,000 డాలర్ల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూను. ఆ నాటికి ఆ దేశంలో కాలిబాటలు 5,500 కిలోమీటర్లు. సైకిళ్ళ బాటలు 440 కిలోమీటర్లు. ఈ రెండు అంకెలనూ ప్రక్కప్రక్కన పెట్టి చూడండి. నిన్నటి దాకా ఊరంతా తిరిగిన బండికి నేడు మిగిలినది ఆ 440 కిలోమీటర్లే. అవి కూడా ఒకదానితో ఒకటి కలిసిన బాటలు కావు, ముక్కలు ముక్కలుగా ఉన్నవి.

దెబ్బ తగిలినది షోకుకు బండి కొన్న యువకులకు కాదు. వారు వేరొక షోకు వెదుక్కొన్నారు. హోటలు నుంచి ఇంటింటికీ భోజనం చేరవేసి, చేరవేసినదానికి ఇంతని కూలి తీసుకొనేవారిలో సుమారు 7,000 మంది ఈ బండ్లనే నమ్ముకొని ఉన్నారు. వారిలో మోటారుసైకిలు లైసెన్సు లేనివారున్నారు, సైకిలు త్రొక్కే ఓపిక లేని వయస్సువారున్నారు. సింగపూరులో పార్లమెంటు సభ్యులు వారం వారం తమ నియోజకవర్గపు ప్రజలను కలుసుకొనే ఆచారం ఉన్నది. ఆ వారంలో అక్కడికి వచ్చినవారు గుంపులు గుంపులుగా వచ్చిన ఈ భోజనవాహకులే. సభ మర్యాదగానే సాగిందని చెప్పలేము.

నాలుగురోజులు తిరగకుండా ప్రభుత్వం, భోజనపు కంపెనీలు కలిసి 70 లక్షల డాలర్ల నిధి ఏర్పాటు చేశాయి. పాత బండి అప్పగించి విద్యుత్తు సాయంతో నడిచే సైకిలు కొంటే వెయ్యి డాలర్ల వరకు, మామూలు సైకిలు కొంటే 600 డాలర్ల వరకు ఇస్తామన్నారు. విద్యుత్తు సాయపు సైకిలు కూడా కాలిబాట ఎక్కరాదు. సైకిళ్ళ బాట లేని చోట అది రోడ్డు మీద పోవలసినదే. భారీ వాహనాల ప్రక్కన పోవటానికి జంకేవాడికి చివరకు మిగిలినది కాలితో త్రొక్కే సైకిలు.

నా అభిప్రాయంలో సింగపూరు ప్రభుత్వం చేసిన తీర్పు న్యాయమైనదే. కాలిబాట మీద మొదటి హక్కు అందరికంటె నెమ్మదిగా నడిచేవాడిది. వాడు ప్రక్కకు తప్పుకోలేడు కనుకనే వాడికి ఆ హక్కు. అయితే తీర్పు న్యాయమైనదయినా, పనుల వరుస సరి అయినది కాదు. 2030 నాటికి సైకిళ్ళ బాటలను 1,300 కిలోమీటర్లకు పెంచాలని అదే ప్రభుత్వం ఆ తరువాత లక్ష్యం పెట్టుకొన్నది. బండ్లు దిగుమతి కాకముందు పరచవలసిన బాట అది. ప్రభుత్వమూ, కంపెనీలూ ఆలస్యం చేసినందుకు అసలు మూల్యం చెల్లించినవారు ఇంటింటికీ అన్నం మోసేవారు.

ప్యారిస్‌లో ఈ సమస్య మరొక రూపం ధరించింది. అక్కడ 2018లో అద్దెబండ్లు దిగాయి. చేతిలోని ఫోనుతో తాళం తీసి ఎక్కటం, పని కాగానే ఎక్కడ పడితే అక్కడ విడిచిపోవటం. కాలిబాటల మీద అవి కూలిన పందిరిగుంజల్లా అడ్డంగా పడి ఉండేవి. 2019లో ఫ్రెంచి ప్రభుత్వం కాలిబాట మీద నడపరాదని, 25 కిలోమీటర్లు మించరాదని ఆజ్ఞాపించింది. అయినా గొడవ తగ్గక, 2023 ఏప్రిల్ 2వ తేదీన నగరపాలక సంస్థ ప్రజల ఓటు కోరింది. ఓటు చేసినవారిలో నూటికి 89 మంది అద్దెబండ్లు వద్దన్నారు. మూడు కంపెనీలకు చెందిన సుమారు 15,000 బండ్లు ఆ ఆగస్టు చివరకు వీథుల నుంచి తొలగిపోయాయి. ఇదంతా ప్రజాస్వామ్య విజయంగా కీర్తించారు. అయితే ఓటు హక్కు గలవారిలో ఆనాడు ఓటు చేయటానికి వచ్చినవారు నూటికి ఎనిమిదిమంది కంటె తక్కువ. సొంతబండ్లకు ఈ నిషేధం లేదు కూడాను. కొనగలవాడు నేటికీ నడుపుకొంటున్నాడు; అద్దెకు తీసుకొనేవాడే దిగి నడుస్తున్నాడు.

చట్టాన్ని ఎంత జాగ్రత్తగా వ్రాసినా ఒక చిక్కు మిగిలే ఉంటుంది. నడవలేని వృద్ధులు, రోగులు కూర్చొని పోయే విద్యుత్ కుర్చీబండ్లు ఉన్నాయి. వారిని కాలిబాట మీద నుంచి దింపటం ఏ న్యాయానికీ అందదు. ఆ సందు చూచుకొని, శుభ్రంగా నడవగలవారు కూడా సింగపూరులో ఆ కుర్చీబండ్లే ఎక్కసాగారు. కనుక 2025 ఫిబ్రవరిలో పార్లమెంటు మళ్ళీ కలుగజేసుకొన్నది. స్కూటరు రూపంలోని కుర్చీబండికి వైద్యపరమైన అవసరం ఉన్నదన్న ధ్రువపత్రం ఉండాలనీ, ఈ బండ్ల వేగం 10 నుంచి 6 కిలోమీటర్లకు తగ్గాలనీ నిర్ణయించింది. ఆరు కిలోమీటర్లంటే చురుకైన నడక. నడకతో సమానంగా పోయేవాడు కూర్చొని పోయినా పాదచారియే అన్నమాట. ఇన్ని సంవత్సరాల వాదోపవాదాలలో నాకు మిక్కిలి వివేకవంతంగా కనబడిన వాక్యం ఇదే. బండిని పేరునుబట్టి కాక వేగాన్నిబట్టి విభజించారు.

మన దేశంలో నిలుచుండి నడిపే బండ్లు ఇంకా విస్తారంగా లేవు. కాని వాటి దాయాదులున్నాయి. 250 వాట్లకు మించని మోటారుతో, 25 కిలోమీటర్లకు మించని వేగంతో, నిర్ణీతమైన బరువు దాటకుండా పోయే విద్యుత్ ద్విచక్రిక మోటారు వాహనమే కాదని కేంద్రప్రభుత్వ నిబంధన చెబుతున్నది. దానికి లైసెన్సు అక్కరలేదు, నంబరుపలక అక్కరలేదు. బీదవాడికి, విద్యార్థికి ఇది గొప్ప సౌకర్యం, తీసివేయాలని నేననను. అయితే తగిలి పారిపోయినవాడిని పట్టుకోవటానికి నంబరు ఉండదు. వేగం హద్దులో ఉన్నదో లేదో పైకి చూచి చెప్పటమూ సులభం కాదు.

కాలిబాట సంగతికి వస్తే, అడ్డంకులు లేని కాలిబాట మీద నడిచే హక్కు రాజ్యాంగపు 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కులో అంతర్భాగమని 2025 మే నెలలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది; వికలాంగులకు కూడా ఆ బాటలు అనుకూలంగా ఉండాలన్నది. మన నగరాలలో కాలిబాట ఉన్న చోట దాని మీద ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది, టీబడ్డీ ఉంటుంది, రోడ్డు నిండినప్పుడు ఎక్కివచ్చే మోటారుసైకిలు ఉంటుంది. కొత్త యంత్రం వచ్చి ఆక్రమించటానికి అక్కడ జాగా మిగిలి ఉంటే గదా అని మీలో కొందరు నవ్వుకొంటూ ఉండవచ్చు.

హైదరాబాదు వెలుపలి వలయ రహదారి ప్రక్కన సౌరఫలకాల కప్పు క్రింద 23 కిలోమీటర్ల సైకిళ్ళ బాటను 2023 అక్టోబరులో ప్రారంభించారు. ఎండ తగలకుండా, ఆ కప్పు మీదనే విద్యుత్తు పుట్టే విధంగా కట్టిన బాట. ఇంజనీర్ల నైపుణ్యాన్ని మెచ్చుకోవలసినదే. తెల్లవారుజామున వ్యాయామం కోసం వచ్చేవారికి అది ఎంతో హాయి. అమీరుపేటలో అన్నం పొట్లం తీసుకొని పంజగుట్టలో మూడవ అంతస్తుకు చేరవేయవలసిన కుర్రవాడికి అది దారిలో తగలదు. వాడు ఈ సాయంకాలం కూడా బస్సుకూ కాలిబాట అంచుకూ మధ్య మిగిలిన రెండడుగుల చోటులోనే పోతున్నాడు.