యాత్రికులు కొన్న శిథిల చిత్రములు



18వ శతాబ్దమున ఇంగ్లండు మొదలగు దేశముల ధనిక యువకులు విద్యాపూర్తికై రోమునగర యాత్ర చేయుచుండిరి. మరలునప్పుడు అచ్చటి శిథిలముల చిత్రములను కొనిపోవుట వారికి వాడుక. ఆ గిరాకిని తీర్చిన చిత్రకారులలో జొవాన్ని పావొలో పానీని (1691–1765) ముఖ్యుడు.

వర్తకులమగు మాకు అతని పద్ధతి సులభముగ బోధపడును. కొనువారి కోరిక నెరిగి, నగరమున వేర్వేరు తావులనున్న పాంథియన్ దేవాలయమును, ట్రేజను విజయస్తంభమును, మార్కస్ ఆరీలియస్ అశ్వవిగ్రహమును ఒకే పటమున చేర్చినాడు. చూడ ముచ్చటయే, కాని అట్టి చోటు రోములో లేదు.

అయినను అతడే పాంథియన్ లోపలి భాగమును చూచి చిత్రించినాడు. 1747లో అచ్చటి గోడల పైవరుస అలంకారమును మార్చివేసిరి. పూర్వరూపమును తెలిసికొనుటకు ఆ పటము నేడొక ఆధారము. కట్టడము కోల్పోయినదానిని అమ్ముడుపోయిన సరకు కాపాడినది!

తరతరములుగా పొరుగు రాష్ట్రములలోనున్న మన యిండ్లలోను పూర్వుల ఊరిని గూర్చిన కథలు కలవు. వానిలో కూర్చినదేదో, కన్నదేదో పెద్దలుండగనే అడిగి వ్రాసియుంచుకొందము. ఇదియే మా మనవి.